పరుగు మొదలయ్యే చోటు

ఫోన్ మోగినప్పుడు నేను ఉప్మాలో నీళ్లు ఎక్కువ పోసేసి, అది ఉప్మాగా తేలుతుందా జావగా మిగులుతుందా అని పొయ్యి ముందు నిలబడి చూస్తున్నాను. ఫోన్ చేసింది హైమావతి మేడమ్. నాచారంలో జిమ్నాస్టిక్స్ హాలు నడుపుతుంది. మా కింది వాటాలో ఉండే ఉప్పలయ్య అన్నయ్యకు ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. అందుకని ఆయన కూతురు మానస సంగతులు ఏవైనా చెప్పడానికి మేడమ్ దగ్గర నా నంబరు ఉంది.

"ఆమనీ, మానస టీమ్‌లో ఉంది," అందావిడ. "కొత్త రాష్ట్రానికి ఇదే మొదటి టీమ్. మన పిల్ల నేషనల్స్‌కి పోతోంది."

ఉప్మాను దాని ఖర్మకు వదిలేసి మెట్లు దిగాను. పన్నెండేళ్ల పిల్ల, అప్పుడే లేచి జడ విప్పుకుంటోంది. చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక వాకిట్లోనే చేతుల మీద నిలబడి అటూ ఇటూ నడిచింది. ఈ ఊళ్లో నన్ను అత్తా అని పిలిచే మనిషి అదొక్కతే. ఇరవైనాలుగేళ్లకే అత్తనైపోయానన్న సంబరం నాకింకా తీరలేదు. ఏదో ఒకటి ఇవ్వాలనిపించి మళ్లీ పైకి పరుగెత్తాను. పెళ్లికి రాజమండ్రిలో కొన్న బొట్టుబిళ్లల అట్టల్లో అన్నిటికంటే ఇష్టమైనదాన్ని, ఆకుపచ్చకు బంగారు అంచున్నదాన్ని, ఇంకా విప్పనిదాన్ని తెచ్చి దాని చేతిలో పెట్టాను. మా ఆయన జీవన్ కూడా సంతోషించాడు. రాత్రుళ్లు నేను అద్దానికి అంటించే బిళ్లల మధ్య ఆయనకు గడ్డం గీసుకునే చోటు దొరకడం లేదట. ఒక అట్టైనా తగ్గింది కదా అన్నాడు.

రెండు వారాలు గడవకముందే ఒక సాయంత్రం ఉప్పలయ్య అన్నయ్య మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడ్డాడు. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు.

మానస మీద ఫిర్యాదు వచ్చిందట. ఆగస్టులో విజయవాడలో జరిగిన పోటీలో అది ఆంధ్ర తరఫున ఆడిందని ఎవరో అసోసియేషన్‌కు ఒక వీడియో పంపారట. ఎవరు పంపారో తెలియదు. రేపు పదింటికి విచారణ. రుజువైతే టీమ్ నుంచి తీసేయడంతో పోదు, రెండేళ్లు ఏ పోటీలోనూ అడుగు పెట్టనివ్వరు. ఆ ఆటలో పిల్లలకు రెండేళ్లంటే ఎంతో నాకు తెలియదు. అన్నయ్యకు తెలుసు. ఈ ఒళ్లు ఇట్లా వంగే వయసు మళ్లీ రాదన్నాడు.

"బిడ్డ ఆడలేదు తమ్మీ," అన్నాడు జీవన్‌తో. "ఆడితే నాకు జెప్పకుంట ఉంటదా? నువ్వు గిట్ల పనులే జేస్తవు గద. జర నిజం ఏందో బయటికి తియ్యి."

జీవన్‌ది ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒకే గదిలో నడిచే డిటెక్టివ్ ఆఫీసు. కేసులు ఆయన చూసుకుంటాడు. టైపింగు, టీ, అనుమానాలు నా వంతు. ఆ రాత్రి కాస్త ఆలోచించుకుని పొద్దున చూద్దామనే వ్యవధి లేదు. ఆయన వెంటనే మానసను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

అది దాచకుండా చెప్పింది. విజయవాడ వెళ్లిన మాట నిజం. అక్కడి హాల్లో కింద లోతుగా స్పాంజి నింపిన గుంట ఉంటుంది, పడ్డా దెబ్బ తగలదు, కష్టమైన దూకుళ్లు నేర్చుకోవాలంటే అలాంటిది కావాలి. అందుకే హైమావతి మేడమ్ దాన్ని వేసవిలో ఒకసారి, ఆగస్టు సెలవుల్లో ఒకసారి అక్కడికి పంపింది. మొదటిసారి వెళ్లినప్పుడు అది ఒకే రాష్ట్రం. రెండోసారి వెళ్లేసరికి మధ్యలో సరిహద్దు వచ్చింది. శిక్షణ ఎక్కడ తీసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. పోటీ మాత్రం ఏడాదిలో ఒక్క రాష్ట్రం తరఫునే చేయాలి. ఆ వారంలోనే విజయవాడలో పోటీలూ జరిగాయి. మానస మెట్ల మీద కూర్చుని చూసిందట, ఆడలేదట.

"చూసినవు గానీ ఆడలేదని ఎవరు జెప్తరు?" అని జీవన్ అడిగాడు.

"మేడమ్ జెప్తది. ఆమె గూడ వచ్చింది గద. రేపు నా దిక్కు ఆమెనే మాట్లాడ్తనన్నది."

ఆ మాట అంటున్నప్పుడు దాని మొహంలో బెంగ లేదు. మేడమ్ ఉందంటే ఇక చాలన్నట్టు చెప్పింది.

* * *

ఫిర్యాదును పరిశీలించే పని అసోసియేషన్ వాళ్లు పాండురంగకు అప్పగించారు. పోలీసు శాఖలో సీఐగా రిటైరై, ఉప్పల్‌లోనే పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. జీవన్ పని నేర్చుకున్నది ఆయన దగ్గరే, గొడవపడి బయటికి వచ్చిందీ ఆయన దగ్గర నుంచే. ఆ గొడవ ఏమిటో పెళ్లయ్యాక రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నా చీర బాగుందన్నాడు.

మేం వెళ్లేసరికి ఆయన ఆఫీసు మూసే హడావుడిలో ఉన్నాడు. జీవన్‌ను చూసి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం జీవన్, పెండ్లయినంక గూడ దుకాణం నడుస్తుందా? ఇద్దరైన్రు గానీ కేసు ఒక్కటి గూడ లేదని విన్న."

"ఒకటి ఉంది సార్. మీరు సగం జూసి ఇడిచిపెట్టిన కేసు."

పాండురంగ నవ్వలేదు. తాను ఏమేం చూశాడో వరసగా చెప్పాడు. ఆ వారం పిల్ల విజయవాడలోనే ఉంది, హాస్టల్ వాళ్లు ఒప్పుకున్నారు. వీడియోలో ఉన్న డ్రెస్సు విజయవాడ హాలుది. మైకులో వినిపించే ప్రకటన ఆ పోటీలదే, ఆయన వేరేగా వాకబు చేసి తేల్చుకున్నాడు. ఒళ్లు, జడ, పరుగు, దూకే తీరు అన్నీ మానసవేనని దాన్ని సెలెక్ట్ చేసిన వాళ్లే గుర్తుపట్టారు.

"మొహం కనిపించిందా?" అన్నాడు జీవన్.

"వెనక నుంచి తీసిండ్రు. మొహం ఎందుకు? నీ భార్య వెనక నుంచి పోతే నువ్వు గుర్తుపట్టవా?"

"పడ్త. కానీ ఏ ఊర్ల పోతుందో ఆమె వీపు మీద రాసి ఉండదు."

ఆ మాటకు ఆయనకు కోపం వచ్చినట్టుంది. ఒక్కసారే చూపిస్తానని, కాపీ ఇవ్వనని, ఫోన్లు టేబుల్ మీద పెట్టమని చెప్పి లాప్‌టాప్ మా వైపు తిప్పాడు.

వీడియో నిమిషం కూడా లేదు. తెలుపూ నీలం డ్రెస్సు వేసుకున్న పిల్ల వీపు, వీపు మీద పిన్నీసులతో గుచ్చిన నంబరు. జనం ఈలలు, చప్పట్లు. ఆంధ్రప్రదేశ్, కృష్ణా జిల్లా అని మైకులో ఎవరో పిలిచారు. పిల్ల చెయ్యెత్తి, ముందుకు వంగి, పొడవైన పరుగుపట్టీ మీద దూసుకుపోయి, స్ప్రింగు బోర్డు మీద కాళ్లు కొట్టి, వాల్ట్ టేబుల్ మీద చేతులు ఆనించి గాల్లో తిరిగి అవతల దిగింది. అవతల నీలం పరుపులు, ఒక గోడ, అంతే. అలాంటి పరుపులు దేశంలోని ప్రతి హాల్లోనూ ఉంటాయని పాండురంగ ముందే చెప్పాడు.

నేను దూకడం సరిగ్గా చూడనేలేదు. పరుగు మొదలుపెట్టేటప్పుడు పిల్ల మడమ పక్కన, నేల మీద ఏదో తళుక్కుమంది. ఆకుపచ్చగా, చుక్కంత. ఇంకా ముందుకు అక్కడక్కడా ఎర్రని చుక్కలు కూడా కనిపించినట్టు అనిపించింది. స్కూటర్ మీద వెనక కూర్చుని ఆ సంగతి చెబితే, నేలకు పెయింటు చుక్కలేమో అన్నాడు జీవన్. కొత్త పెళ్లాం మాట కాబట్టి కొట్టిపారేయలేక, హాల్లో చూద్దాంలే అన్నాడు.

* * *

నాచారం హాలు ఒకప్పుడు గోడౌను. రేకుల కప్పు, పక్కన చిన్న గది. దారిలో మానసను ఎక్కించుకుని మేం లోపలికి అడుగుపెట్టగానే చప్పట్లు మోగాయి. ఉలిక్కిపడ్డాను. లోపల నలుగురు పిల్లలు, హైమావతి మేడమ్ తప్ప ఎవరూ లేరు. చప్పట్లు ఒక మూలనున్న స్పీకర్లోంచి వస్తున్నాయి. మేడమ్ మమ్మల్ని చూసి దాన్ని ఆపింది.

జీవన్ ఆవిడను చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. ఆవిడ దేనికీ తడుముకోలేదు. ఆగస్టు పోటీల్లో మానస ఆడలేదని రేపు కమిటీ ముందు తానే చెబుతానంది. ఎవరికి లాభమని అడిగితే, టీమ్‌లో చోటు రాని పిల్లల తల్లిదండ్రులు ఎంతమంది లేరు అంది. మానస టీమ్‌లోకి వెళ్తే తర్వాత ఏమవుతుందని అడిగినప్పుడు మాత్రం ఆవిడ చేతికంటిన సుద్దపొడిని దులుపుకుంటూ ఉండిపోయింది.

నెలాఖరుకు క్యాంపు మొదలవుతుందట. టీమ్‌లో ఉన్న పిల్లలందరూ అసోసియేషన్ కోచ్ దగ్గరికి మారిపోవాలి. ఆ తర్వాత పతకం వచ్చినా, పేరు వచ్చినా కోచ్ అన్న చోట వాళ్ల పేరే ఉంటుంది.

"అయిదేళ్లప్పుడు తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు ఉప్పలయ్య," అంది. "ముందుకు పల్టీ కూడా నేనే నేర్పా. సరే, అది పెద్దవాళ్ల ఇష్టం. ఏం కాదు, ఈ రెండేళ్లు ఇక్కడే ఉంచి గట్టిగా తయారుచేస్తా."

జీవన్ తల ఊపి, ఇంకేదో అడిగాడు. కానీ ఆయన బొటనవేలితో చూపుడువేలు రుద్దుకోవడం నేను చూశాను. ఏదైనా మాట లోపల గుచ్చుకుంటే ఆయన చేసే పని అది. నాకూ అదే మాట గుచ్చుకుంది. నిషేధం ఇంకా పడలేదు. మానస తప్పు చేయలేదని రేపు చెప్పబోయే మనిషి, నిషేధం పడ్డాక ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకుంది.

అంతలో ఒక పిల్ల సన్నటి బీమ్ దూలం మీద నుంచి జారిపడితే మేడమ్ అటు పరుగెత్తింది. నేను మానస చెయ్యి పట్టుకుని పరుగుపట్టీ పక్కన నడవడం మొదలుపెట్టాను.

నాలుగడుగులు వేశానో లేదో, నా కాళ్ల దగ్గర నేల మీద బొట్టుబిళ్ల కనిపించింది. ఎర్రది, సగం ఊడింది. దానికి కాస్త వెనక మరొకటి, నల్లది, పొడుగ్గా. ఇంకొంచెం వెనక రాళ్లు పొదిగినది. పట్టీ పొడవునా అలా ఉన్నాయి. నా బాత్రూమ్ అద్దాన్ని ఎవరో నేల మీద పరిచినట్టుంది. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది.

అవేమిటని అడిగితే, ఎవరి గుర్తు వాళ్లదని చెప్పింది మానస. పరుగు ఎక్కడ మొదలుపెడితే సరిగ్గా బోర్డు మీద కాలు పడుతుందో ఒక్కొక్కరికి ఒక్కో చోటట. జానెడు అటూ ఇటూ అయితే కాలు తప్పు చోట పడి, టేబుల్‌కు మొహం కొట్టుకుంటారు. సుద్దతో గీస్తే తుడుచుకుపోతుంది కాబట్టి ఈ హాల్లో ఆడపిల్లలు నుదుటి మీది బిళ్ల తీసి అంటిస్తారట. ఎర్రది చంద్రికది. పొడుగ్గా ఉన్నది బడి మానేసిన ఒక అక్కది, ఆమె రావడం లేదు గానీ తీయలేదు.

"మరి నీదేది?"

అది నన్ను దాదాపు పట్టీ చివరి దాకా తీసుకెళ్లింది. అక్కడ రెండున్నాయి. ఒకటి పాత మెరూన్ బిళ్ల. దానికి జానెడు వెనక, మెరుస్తూ, ఆకుపచ్చది. బంగారు అంచుది.

నేను వంగి దాన్ని వేలితో తడిమాను.

"ఇది ఎప్పుడు పెట్టావే?"

"నువ్వు అట్ట ఇచ్చినవ్ గద అత్తా, గా మర్నాడే. పొడుగైనవ్, అడుగు పెద్దగ పడుతుంది, గుర్తు ఎనకకి జరపాలె అని మేడమే కొలిచి పెట్టిచ్చింది."

జీవన్ ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో తెలియదు. ఆయనకు నేనేం చెప్పనక్కర్లేకపోయింది. బిళ్ల వైపు, తర్వాత పట్టీకి అవతలి గోడ వైపు, తర్వాత బీమ్ దగ్గర పడ్డ పిల్ల మోకాలికి మందు రాస్తున్న మేడమ్ వైపు చూశాడు. ఇంటికి వెళ్దామన్నాడు, మామూలుగా, అందరికీ వినిపించేలా. మేడమ్ తలెత్తి, రేపు తొమ్మిదింటికి తయారుగా ఉండమని, ఆటోలో తానే తీసుకెళ్తానని మానసకు చెప్పింది. మానస చెయ్యి ఊపింది.

* * *

తలుపు తాళం వేస్తున్న పాండురంగను మెట్ల మీదే ఆపాం. ఒక్కసారే చూపిస్తానన్న మాట గుర్తుచేశాడు. ఈసారి చూడాల్సింది మేం కాదు, పిల్ల అన్నాడు జీవన్. పిల్లకు చూపించకూడదని కమిటీ చెప్పిందన్నాడాయన.

"ఎవరి మీద నేరం మోపిన్రో ఆమెకే సాక్ష్యం జూపియ్యకుంట ఎన్ని కేసులు మూసిన్రు సార్ మీ సర్వీసుల?"

పాండురంగ కొంతసేపు తాళంచెవిని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. వాళ్లిద్దరి పాత గొడవ ఏమిటో నాకు కొంచెం అర్థమైంది. చివరికి తలుపు తీశాడు.

వీడియో మొదలైన చోటే ఆపమన్నాను. ఆకుపచ్చ చుక్క చూపించి, అది నా పెళ్లి అట్టలోదని, మానసకు సెలెక్షన్ కబురు వచ్చిన పొద్దున ఇచ్చానని చెప్పాను. ఆగస్టులో తీసిన వీడియోలోకి అది ఎలా వస్తుందని అడిగాను.

"అమ్మా, గసుంటి బిళ్లలు బెజవాడల దొరకవా?" అన్నాడాయన. "రేపు కమిటీ ముందట గిదే అంటే నవ్వుతరు."

"దాని ముందు చూడండి. జానెడు దూరంలో మెరూన్‌ది. ఇంకా ముందు పొడుగ్గా నల్లది. సగం ఊడిన ఎర్రది. విజయవాడలో కూడా ఇదే వరసలో అంటించారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని తెర మీదికి వంగాడు. వీడియోను మళ్లీ కదలనిచ్చాడు. చప్పట్లు, ఈలలు, మైకు. తెర మీది పిల్ల పరుగెత్తింది, ఎగిరింది, దిగింది.

మానస రెండోసారి కూడా పెట్టించుకుని చూసింది. దాని చెయ్యి నా చేతిలో ఉంది. దూకేవాళ్ల చెయ్యి, అరచేయంతా కాయలు కాచి గరుకుగా ఉంటుంది. ఆ చెయ్యి విడిపించుకుని తెర మీది పిల్లను వేలితో చూపించింది.

"గిది నేనే," అంది.

పాండురంగ జీవన్ వైపు చూశాడు.

"ఎక్కడ ఉరుకుతున్నవు బిడ్డా?" అని జీవన్ మెల్లగా అడిగాడు.

"మన హాల్లనే. మొన్న ఐతారం. అందరు పోయినంక. గా చప్పుడు మేడమ్ రోజు పెడ్తది, జనం ఉంటే బుగులు పడొద్దని. విజయవాడ పోయినప్పుడు ఫోన్ల ఎక్కించుకొచ్చింది. నంబరు కట్టుకొని ఉరుకుడు అలవాటు కావాలె అన్నది. విజయవాడల ఇచ్చిన గీ డ్రెస్సు గూడ ఆమెనే ఏసుకొమ్మన్నది." ఆగింది. "నా చేతులు టేబుల్ మీద ఎట్ల పడుతున్నయో జూపిస్తనని ఫోన్ల తీసింది. జూపియ్యమంటే తర్వాత అన్నది."

నాకు ఉప్మా పొద్దున గుర్తొచ్చింది. మన పిల్ల అంది ఆవిడ ఫోన్లో. ఆ మాట అబద్ధం కాదు, ఇప్పటికీ కాదు. మన పిల్లను ఎక్కడికీ పోనివ్వకూడదనుకుంది, అంతే. దానికి దారి వెతుక్కుంటూ ఆవిడ కట్టేయబోయింది ఆ పిల్ల కాళ్లనే.

మానస ఏడవలేదు. రెండు జడలూ ముందుకు లాక్కుని, వాటి చివర్లు గట్టిగా పట్టుకుంది.

పాండురంగ లాప్‌టాప్ మూశాడు. గొంతులో ఇందాకటి వెటకారం లేదు. పిల్ల మాట ఒక్కటే చాలదన్నాడు. రేపు మేడమ్ వచ్చి కాదంటే, పన్నెండేళ్ల పిల్ల తప్పించుకోవడానికి గురువు మీద చెప్పిందంటారు. ఉన్న సాక్ష్యమల్లా నేల మీది బిళ్లలు. మేం హాల్లో ఏం చూశామో ఆవిడకు అనుమానం వచ్చి ఉంటే, గోటితో గీకి పారేయడానికి ఎంతసేపు?

జీవన్ అప్పటికే లేచాడు. ఇప్పుడే వెళ్లి, ఉప్పలయ్య అన్నయ్యను వెంట తీసుకుని హాలు గుమ్మంలో పడుకుంటానన్నాడు.

"వద్దు మామా," అంది మానస. "ఆమె పీకది."

"ఎట్ల జెప్తవ్? నీకు గింత జేసినామె."

"పీకితే రేపు పొద్దుగాల చంద్రిక, గా చిన్నోళ్లు గుర్తు లేకుంట ఉరుకుతరు. ఎవరన్న పడ్తరు." అది మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "నన్ను వీడియో తీసిన్నాడు గూడ పీకొచ్చు గద. గా దినం గోడకున్న మా ఫోటోలు తీసేసింది. హాలు పేరు తీసేసింది. బిళ్లలు మాత్రం ముట్టలే. ఆమె ముట్టది."

జీవన్ మళ్లీ కూర్చున్నాడు.

అప్పుడు అది మా ముగ్గురిలో ఎవరినీ అడగకుండా, మా వైపు చూడనైనా చూడకుండా చెప్పేసింది.

"పదింటి దాక వద్దు. రేపు ఆరింటికి ప్రాక్టీసు ఉంటది. కమిటీ సార్లందర్ని ఆడికే తోల్కరాన్రి. వీడియో ఆడనే పెట్టున్రి. నేను గిదే డ్రెస్సు ఏసుకొని నా గుర్తు కాడ నిలబడ్త, గట్లనే ఉరుకుత. వాళ్లు జూసుకుంటరు." జడలు వదిలేసి లేచి నిలబడింది. "ఆటో వద్దని మేడమ్‌కి నేనే ఫోన్ జేస్త. ఎందుకు జేసినవని మాత్రం ఎవరు అడగొద్దు. దూకి దిగినంక నేనే అడుగుత."

పాండురంగ ఫోన్ తీసి, కమిటీ అధ్యక్షుడి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.